ల్యాప్‌టాప్‌లో జాంగో సెటప్: "హలో"తో కాదు, "స్త్రీ"తో పరీక్షించండి

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోని ఎక్కించడం గురించి తెలుగులో వీడియోలకు కొదవలేదు. దాదాపు అన్నీ బ్రౌజర్లో రాకెట్ బొమ్మ కనపడగానే ముగుస్తాయి. ఆ బొమ్మ వచ్చిందంటే పైథాన్‌కి జాంగో దొరికిందని మాత్రమే అర్థం. సైటులో తెలుగు కథలో, ఊళ్ల పేర్లో, విద్యార్థుల జాబితానో పెట్టబోయేవాళ్లకు అసలు చిక్కులు ఆ తరవాతే వస్తాయి. వాటిలో చాలా భాగాన్ని సర్వర్ దాకా పోనివ్వకుండా సొంత మిషన్ మీదే, మొదటి రోజే పట్టుకోవచ్చు. కావలసిందల్లా సెటప్‌ని తెలుగు డేటాతో పరీక్షించడం.

ఇక్కడ విండోస్ 11, పైథాన్ 3.13, జాంగో 5.2 తీసుకుంటున్నాను. జాంగో 5.2 దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్. 2025 ఏప్రిల్‌లో వచ్చింది, భద్రతా సవరణలు 2028 ఏప్రిల్ దాకా అందుతాయి. ఆ తరవాత 6.0 కూడా వచ్చింది గానీ, ఒక సైటు కట్టి రెండేళ్లు ముట్టుకోకుండా నడపాలనుకునేవాళ్లకు 5.2యే మేలని నా అభిప్రాయం.

కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్లో అవే మాటలు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టాలి. "పై" అంటే పీ, వై. "వెన్వ్" అంటే వీ, ఈ, ఎన్, వీ. "-ఎం" అంటే అడ్డగీత, దాని పక్కనే ఎం అక్షరం. జాంగో స్పెల్లింగ్ డీతో మొదలవుతుంది, పైకి పలకరంతే.

పైథాన్, ఫోల్డర్, వెన్వ్

పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున "పాత్"కి చేర్చమనే టిక్ ఒకటి ఉంటుంది. అది పెట్టకుండా ముందుకు పోతే, టెర్మినల్లో పైథాన్ అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ సరిగ్గా కాలేదనుకుని చాలామంది మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. అసలు కారణం, విండోస్ తనంతట తాను పైథాన్ పేరుతో పెట్టుకున్న ఉత్తుత్తి షార్ట్‌కట్. సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగంలో "యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్" అని వెతికి, పైథాన్ పేరున్న స్విచ్చులు ఆపేయండి. మిషన్‌లో ఏయే పైథాన్లు ఉన్నాయో చూడాలంటే:

పై --లిస్ట్

ప్రాజెక్టు ఫోల్డర్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చాలా ల్యాప్‌టాప్‌లలో వన్‌డ్రైవ్‌లోకి మళ్లించి ఉంటాయి. వెన్వ్‌లో (ఒక్క ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) వేల చిన్న ఫైళ్లుంటాయి, వన్‌డ్రైవ్ వాటినన్నిటినీ పైకి ఎక్కించడానికి కూర్చుంటుంది. పైగా ఎస్‌క్యూలైట్ ఫైలుని (జాంగో మామూలుగా డేటా దాచుకునే డేటాబేస్ ఫైలు) సింక్ చేస్తున్న క్షణంలోనే జాంగో అందులో రాయబోతే "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అనే ఎర్రర్ రావచ్చు. అందుకని సీ డ్రైవ్‌లో నేరుగా "కోడ్" అనే ఫోల్డర్ పెట్టుకుని, అందులో ప్రాజెక్టు పేరుతో ఇంకో ఫోల్డర్ తీయండి. పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు వద్దు. జాంగోకి వాటితో పేచీ లేదు, దాని చుట్టూ ఉండే చిన్నాచితకా టూల్స్‌కే ఉంటుంది.

ఆ ఫోల్డర్లో నిలబడి:

పై -3.13 -ఎం వెన్వ్ .వెన్వ్
.వెన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్

రెండో లైన్ దగ్గర పవర్‌షెల్ ఎర్రటి అక్షరాలతో, ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం నిషిద్ధమని అడ్డం పడుతుంది. ఒక్కసారి ఈ కమాండ్ ఇస్తే సరిపోతుంది:

సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ -స్కోప్ కరెంట్‌యూజర్ రిమోట్‌సైన్డ్

అది మీ యూజర్ ఖాతాకు మాత్రమే వర్తిస్తుంది, అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇది కూడా ఒప్పుకోకపోతే పవర్‌షెల్ వదిలేసి పాత కమాండ్ ప్రాంప్ట్ తెరవండి, అక్కడ ఈ నిషేధం లేదు. యాక్టివేట్ అయ్యాక లైన్ మొదట్లో బ్రాకెట్లలో వెన్వ్ పేరు కనిపిస్తుంది. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ యాక్టివేట్ చేయాలి. "జాంగో అనే మాడ్యూల్ లేదు" అనే ఎర్రర్‌కి మొదట అనుమానించాల్సింది దీన్నే.

వెన్వ్ లోపల పూర్తి పాత్‌లు రాసి ఉంటాయి. ఫోల్డర్ పేరు మార్చినా, పెన్‌డ్రైవ్‌లో వేసి స్నేహితుడికిచ్చినా అది పనిచేయదు. దాన్ని బాగుచేయడానికి తంటాలు పడకండి, చెరిపేసి కొత్తది చేయడం రెండు నిమిషాల పని.

ఉబుంటు వాడేవాళ్లకు ఇక్కడ రెండు తేడాలు. వెన్వ్ చేయబోతే "ఎన్ష్యూర్‌పిప్" లేదని అంటే, ఆప్ట్ ద్వారా పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేయాలి. వెన్వ్ బయట పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) నడిపితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఆపేస్తుంది. దాన్ని బలవంతంగా దాటే మార్గం ఇంటర్నెట్లో దొరుకుతుంది, వాడకండి. సిస్టమ్ పైథాన్‌ని ఉబుంటు తన సొంత పనులకు వాడుకుంటుంది.

ఇక జాంగో:

పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ "జాంగో~=5.2.0"

ఆ అల గుర్తు, సమానం గుర్తు కలిసి "5.2లో వచ్చే చిన్న సవరణలు తీసుకో, 6కి పోవద్దు" అని చెబుతాయి. కొటేషన్ గుర్తులు ఎప్పుడూ పెట్టండి. "కన్నా ఎక్కువ" గుర్తుతో వెర్షన్ రాసి కొటేషన్ గుర్తులు మరిస్తే, టెర్మినల్ దాన్ని ఫైల్లోకి మళ్లించమన్నట్టు అర్థం చేసుకుని ఫోల్డర్లో ఒక వింత ఫైలుని పుట్టిస్తుంది. నేరుగా పిప్ అని కాకుండా పైథాన్ -ఎం పిప్ అనడానికీ కారణముంది: మిషన్‌లో మూడు పైథాన్లుంటే ఏ పిప్ పలుకుతుందో తెలియదు, ఇలా అయితే ఇప్పుడు నడుస్తున్న పైథాన్ తాలూకు పిప్పే పలుకుతుంది.

మైగ్రేట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్ కాన్ఫిగ్ .

చివర ఉన్న చుక్క కూడా కమాండ్‌లో భాగమే. అది లేకపోతే కాన్ఫిగ్ లోపల ఇంకో కాన్ఫిగ్ వస్తుంది. కొంప మునగదు గానీ, మేనేజ్.పై ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండాలి. ప్రాజెక్టుకి "టెస్ట్" అనో "జాంగో" అనో పేరు పెట్టబోతే ఆ పేరుతో పైథాన్ మాడ్యూల్ ముందే ఉందని ఒప్పుకోదు. నేను కాన్ఫిగ్ అనే పెడతాను, అందులో ఉండేవి సెట్టింగులే కాబట్టి.

ఇప్పుడే సర్వర్ నడిపితే, 18 మైగ్రేషన్లు (డేటాబేస్‌లో టేబుళ్లు కట్టే అంచెలు) ఇంకా వేయలేదని హెచ్చరిక వస్తుంది, మైగ్రేట్ కొట్టమంటుంది. కొట్టకండి. ముందు సొంత యూజర్ మోడల్ పెట్టుకోండి. ఇవాళ ఫోన్ నంబరుతో లాగిన్ అక్కర్లేకపోవచ్చు, ఆరు నెలల తరవాత అడుగుతారు. అప్పటికి డేటాబేస్‌లో పాత యూజర్ టేబుల్ చుట్టూ అడ్మిన్ లాగులు, గ్రూపులు, మీ సొంత టేబుళ్లు అల్లుకుపోయి ఉంటాయి. అప్పుడు మార్చడం చాలా పెద్ద పని. ఇప్పుడైతే ఐదు నిమిషాలు:

పైథాన్ మేనేజ్.పై స్టార్ట్‌యాప్ అకౌంట్స్

అకౌంట్స్‌లోని మోడల్స్ ఫైల్లో యూజర్ అనే క్లాసు రాసి, దానికి తల్లి క్లాసుగా అబ్‌స్ట్రాక్ట్‌యూజర్‌ని ఇవ్వండి. లోపల "పాస్" అన్న ఒక్క మాట చాలు. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాకు అకౌంట్స్ చేర్చండి, ఆత్ యూజర్ మోడల్ అనే సెట్టింగ్ పెట్టి దాని విలువగా అకౌంట్స్.యూజర్ అని ఇవ్వండి. అప్పుడు:

పైథాన్ మేనేజ్.పై మేక్‌మైగ్రేషన్స్ అకౌంట్స్
పైథాన్ మేనేజ్.పై మైగ్రేట్
పైథాన్ మేనేజ్.పై క్రియేట్‌సూపర్‌యూజర్

వరస తప్పి ముందే మైగ్రేట్ కొట్టి ఉంటే "ఇన్‌కన్సిస్టెంట్ మైగ్రేషన్ హిస్టరీ" అని ఆగిపోతుంది. అడ్మిన్ మైగ్రేషన్ తను ఆధారపడిన యూజర్ టేబుల్ కన్నా ముందే వేసి ఉందని దాని గోల. డేటా ఏమీ లేని ఈ దశలో ఎస్‌క్యూలైట్ ఫైలు చెరిపేసి మళ్లీ మైగ్రేట్ చేస్తే సరి. చెరపాల్సింది డేటాబేస్ ఫైలునే. మైగ్రేషన్స్ ఫోల్డర్లోని ఫైళ్లు గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) వెళ్లాల్సినవి, వాటి జోలికి పోకండి. గిట్‌లోకి పోకూడనివి వేరే ఉన్నాయి: .వెన్వ్ ఫోల్డర్, ఎస్‌క్యూలైట్ ఫైలు, రహస్యాలు రాసుకునే .ఎన్వ్ ఫైలు, అప్‌లోడ్లు చేరే మీడియా ఫోల్డర్.

సూపర్‌యూజర్‌కి పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పనిచేస్తూనే ఉంటుంది, కొట్టి ఎంటర్ నొక్కండి.

భాష, గడియారం

లాంగ్వేజ్ కోడ్ సెట్టింగ్‌లో తెలుగు కోసం ఇంగ్లీషు టీ, ఈ అనే రెండు అక్షరాలు రాస్తే నెలల పేర్లు తెలుగులోకి మారతాయి. అడ్మిన్ పేజీలో మాత్రం కొన్ని మాటలు తెలుగులో, మిగతావి ఇంగ్లీషులో కలగాపులగంగా ఉంటాయి. మీ సెటప్‌లో లోపం కాదు, జాంగోలోని తెలుగు అనువాదమే అసంపూర్ణం. సైటు రెండు భాషల్లో కావాలంటే, సెట్టింగ్స్‌లోని మిడిల్‌వేర్ జాబితాలో, చూసేవాళ్ల భాషని ఎంచే లొకేల్ మిడిల్‌వేర్‌ని సెషన్ మిడిల్‌వేర్ తరవాత, కామన్ మిడిల్‌వేర్ ముందు పెట్టాలి. అది పెట్టగానే, తెలుగు అని రాసిన సెట్టింగ్ పని చేయడం లేదేమిటని అనిపిస్తుంది. ఎందుకంటే అప్పట్నుంచి బ్రౌజర్ అడిగే భాషదే మొదటి మాట, బ్రౌజర్లు మామూలుగా ఇంగ్లీషే అడుగుతాయి. సైటు తెలుగులో మాత్రమే అయితే ఆ మిడిల్‌వేర్ పెట్టనే వద్దు.

టైమ్ జోన్ దగ్గర ఏషియా/కోల్‌కతా అని రాయండి, ఏ, కే మాత్రం పెద్ద అక్షరాలు. డేటాబేస్‌లో సమయం యూటీసీలోనే, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోనే, నిలవ ఉంటుంది. టేబుల్ నేరుగా తెరిచి చూస్తే ఐదున్నర గంటలు వెనక్కి ఉన్నట్టు కనిపించడం మామూలే. తెల్లవారుజామున 2 గంటలకు సేవ్ చేసిన పోస్టుకి అక్కడ ముందు రోజు తేదీ ఉంటుంది. కోడ్‌లో మాత్రం పైథాన్ సొంత డేట్‌టైమ్ నౌ వాడకుండా జాంగో యుటిల్స్‌లోని టైమ్‌జోన్ నౌ, ఇవాళ్టి తేదీకి లోకల్‌డేట్ వాడండి. లినక్స్ సర్వర్లో జాంగో ప్రాసెస్ గడియారాన్ని మీ సెట్టింగ్‌కి తగ్గట్టు మారుస్తుంది, విండోస్‌లో మార్చలేదు, మిషన్ గడియారాన్నే తీసుకుంటుంది. హైదరాబాద్‌లో కూర్చున్నంతకాలం తేడా తెలియదు. అదే ప్రాజెక్టులో డాలస్ నుంచి ఒకరు పని చేస్తుంటే, కోడ్‌లో పైథాన్ సొంత నౌ వాడి ఉంటే, వాళ్ల ల్యాప్‌టాప్‌లో "ఈరోజు పోస్టులు" అనే పేజీ రోజులో సగం సేపు తప్పు చూపిస్తుంది.

సర్వర్, పోర్టు, ఫోన్

పైథాన్ మేనేజ్.పై రన్‌సర్వర్

బ్రౌజర్లో 127.0.0.1:8000. బ్రౌజర్ తనంతట తాను ముందు సురక్షిత అడ్రస్‌కి, అంటే చివర ఎస్ ఉన్న దానికి పోతే, టెర్మినల్లో చెత్త అక్షరాలు, ఈ సర్వర్‌కి అది చేతకాదన్న సందేశం వస్తాయి. అడ్రస్‌లో ఎస్ తీసేయండి. సర్వర్ కోసం రాసిన ఎస్ఎస్ఎల్ రీడైరెక్ట్ సెట్టింగ్‌ని పొరపాటున లోకల్లో ఒక్కసారి నడిపినా, బ్రౌజర్ ఆ 301ని (అడ్రస్ శాశ్వతంగా మారిందనే జవాబు) గుర్తు పెట్టుకుంటుంది. సెట్టింగ్ తీసేశాక కూడా అక్కడికే పోతుంటే క్యాష్ చెరపండి, లేదా వేరే పోర్టు వాడండి.

"ఆ పోర్టు వాడే అనుమతి లేదు" అని విండోస్‌లో వస్తే 8000 మీద ఇంకేదో నడుస్తోందని కాకపోవచ్చు. హైపర్-వీ, డాకర్ ఉన్న మిషన్లలో విండోస్ కొన్ని పోర్టుల గుంపుల్ని ముందే పక్కన పెట్టేసుకుంటుంది, రీస్టార్ట్ చేస్తే ఆ గుంపులు మారతాయి కూడా. కారణం వెతకడం కన్నా రన్‌సర్వర్ 8080 అని కొట్టి ముందుకు పోవడం తేలిక.

రెండు ప్రాజెక్టులు 8000, 8001 పోర్టుల్లో పక్కపక్కనే నడిపేవాళ్లకు ఒక విచిత్రం ఎదురవుతుంది. ఒకదాంట్లో లాగిన్ అవగానే రెండోదాంట్లోంచి బయటికి నెట్టేస్తుంది. కుకీలకు పోర్టు తేడా తెలియదు. రెండు సైట్లూ ఒకే పేరుతో సెషన్ కుకీ పెడతాయి కాబట్టి ఒకటి ఇంకోదాన్ని తుడిచేస్తుంది. సెషన్ కుకీ నేమ్ అనే సెట్టింగ్‌లో ప్రాజెక్టుకో పేరు ఇవ్వండి. లేదా ఒకదాన్ని 127.0.0.1 మీద, రెండోదాన్ని లోకల్‌హోస్ట్ మీద తెరవండి.

ఫోన్లో చూడటం తెలుగు సైటుకి తప్పనిసరి. విండోస్‌లో తెలుగు నిర్మలా యూఐ ఫాంటులో కనిపిస్తే, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో ఫాంటులో వస్తుంది, ఎత్తు వేరు. ఇంగ్లీషు థీమ్‌లలో శీర్షికలకు లైన్ ఎత్తు 1.2 పెడతారు. అందులో "క్ష్మి", "స్త్రీ" లాంటి వాటి కింద ఒత్తులు పక్క లైన్‌కి తగులుతాయి, కొన్ని చోట్ల తెగిపోతాయి. 1.6 నుంచి మొదలుపెట్టండి. ఫోన్‌కి అందాలంటే:

పైథాన్ మేనేజ్.పై రన్‌సర్వర్ 0.0.0.0:8000

ఫోన్లో కొట్టాల్సింది ఈ సున్నాలు కాదు. ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ చూపించే ఐపీవీ4 అడ్రస్, ఉదాహరణకు 192.168.1.5:8000. అదే అడ్రస్‌ని పోర్టు లేకుండా అలౌడ్ హోస్ట్స్ జాబితాలో రాయకపోతే 400 ఎర్రర్ వస్తుంది. ఆ జాబితాలో ఏదైనా రాయగానే, ఖాళీగా ఉన్నప్పుడు డీబగ్‌లో ఊరికే దొరికిన లోకల్‌హోస్ట్ అనుమతి పోతుంది, కాబట్టి లోకల్‌హోస్ట్, 127.0.0.1 కూడా చేర్చండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా పేజీ రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ చూడండి, వైఫై "ప్రైవేట్"గా ఉండాలి. హాస్టల్, కాలేజీ వైఫైలలో ఒక పరికరానికి ఇంకోటి కనపడకుండా కట్టేసి ఉంటారు. అలాంటి చోట ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్‌ని కలిపి చూడటమే దారి.

ఇప్పుడు "స్త్రీ" అని కొట్టండి

కంటికి ఒకే అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని ఫైళ్లలో దాచే పద్ధతి) ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. జాంగో క్యారెక్టర్ ఫీల్డ్‌లో మ్యాక్స్ లెంగ్త్ ఈ ఆరునే లెక్కిస్తుంది, మీ కంటి లెక్కని కాదు. ఇంగ్లీషు పేర్లకు 30 సరిపోతుందని కాపీ కొట్టిన మోడల్‌లో తెలుగు పూర్తి పేరు పట్టకపోవచ్చు. మూడింతలు ఇవ్వండి, డేటాబేస్ స్థలం గురించి బెంగ అక్కర్లేదు. టెంప్లేట్లలో ట్రంకేట్‌చార్స్ ఫిల్టర్ ఒత్తు మధ్యలోనే కోసేస్తుంది, చివర పొల్లు వేలాడుతుంది. ట్రంకేట్‌వర్డ్స్ వాడండి.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "పదంలో వచ్చే అక్షరం" అనే గుర్తు, అంటే వెనక్కి వాలిన గీత, పక్కన డబ్ల్యూ, తెలుగు హల్లుల్ని, అచ్చుల్ని ఒప్పుకుంటుంది. గుణింతపు గుర్తుల్ని, పొల్లుని, సున్నాని ఒప్పుకోదు. జాంగో ఆ గుర్తుని చాలా చోట్ల వాడుతుంది, దాని ఫలితాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పుల్లా కనిపిస్తాయి.

యూజర్‌నేమ్‌గా "కమల" అని ఇవ్వండి, తీసుకుంటుంది. "సీత" అని ఇవ్వండి, చెల్లదంటుంది. కమలలో అన్నీ తలకట్టు అక్షరాలే, సీతలో గుడి దీర్ఘం ఉంది. అంతే తేడా.

స్లగ్‌ఫై ఫంక్షన్‌కి (శీర్షిక నుంచి స్లగ్‌ని, అంటే పేజీ అడ్రస్‌లో వాడే ముక్కని, తయారుచేసేది) "తెలుగు కథ" ఇస్తే మామూలుగా ఖాళీ వస్తుంది. అది చూసి యూనికోడ్‌ని అనుమతించు అనే ఆప్షన్ పెడతారు. అప్పుడు వచ్చేది "తలగ-కథ". గుణింతాలన్నీ రాలిపోయాయి. ఖాళీ స్లగ్ ఇంకా ప్రమాదం: మొదటి పోస్టు బాగానే సేవ్ అవుతుంది, రెండోదానికీ ఖాళీయే వచ్చి యునీక్ నిబంధన దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లీషు శీర్షికలతో పరీక్షించినవాళ్లకు ఇది సైటు నడిచాకే తెలుస్తుంది.

అప్‌లోడ్ చేసిన ఫైలు పేరుకీ ఇదే గతి. "పుస్తకం" అనే పేరున్న పీడీఎఫ్, డిస్కు మీద "పసతక" అవుతుంది.

దీనికి నేను చెప్పే మందు: అడ్రస్‌ల కోసం రోమన్ లిపిలో స్లగ్‌ని వేరే ఫీల్డ్‌గా చేత్తో రాయించండి, లేదా పోస్టు సంఖ్యతోనే అడ్రస్ కట్టండి. వాట్సాప్‌లో పంచుకునేటప్పుడు తెలుగు అడ్రస్ శాతం గుర్తుల దండలా మారిపోవచ్చు కూడా. తెలుగు అడ్రస్సే కావాలని పట్టుబడితే స్లగ్ ఫీల్డ్ బదులు మామూలు క్యారెక్టర్ ఫీల్డ్, అడ్రస్ నమూనాలో స్లగ్ బదులు స్ట్రింగ్ కన్వర్టర్ వాడి, అక్షరాల వడపోత మీరే రాసుకోవాలి. పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఇచ్చే కేటగిరీ ఎం అక్షరంతో మొదలైతే అది గుణింతమో పొల్లో సున్నానో, ఉంచేయండి. ఫైళ్లకు అప్‌లోడ్ టూ దగ్గర ఒక ఫంక్షన్ ఇచ్చి యూయూఐడీతో (మళ్లీ రాని యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య) పేరు పెట్టండి, అసలు పేరుని వేరే కాలమ్‌లో దాచుకుని డౌన్‌లోడ్ చేసేటప్పుడు చూపించండి.

వెతుకులాటలో ఇంకో చిక్కు, కంటికి కనపడని అక్షరం. "ఫేస్‌బుక్" అని రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు స పొల్లుకీ బకీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాయి, కొందరు అది లేకుండా కలిపి రాస్తారు. డేటాబేస్‌కి అవి రెండు వేరు మాటలు, ఒకటి వెతికితే రెండోది దొరకదు. ఐత్వానిదీ ఇదే కథ. కై అన్నది ఒకే గుర్తుతోనూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక యూనికోడ్ రూపానికి మార్చండి. నాన్ జాయినర్‌ని మాత్రం అసలు పాఠంలోంచి తీసేయకండి, తీస్తే స కింద బ వత్తు పడుతుంది. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో తీసేసిన రూపం దాచుకోండి, వెతికే మాటని కూడా అలాగే మార్చి పోల్చండి.

టెర్మినల్లో తెలుగు డబ్బాలుగా కనపడిందని కంగారు పడొద్దు. అది ఫాంటు సమస్య, డేటా క్షేమంగానే ఉంటుంది. ప్రశ్న గుర్తులు కనపడితే మాత్రం కంగారు పడాల్సిందే, అక్కడ అక్షరాలు నిజంగానే పోయాయి.

డేటా ఎగుమతి

ప్రశ్న గుర్తులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. డేటానంతా ఫైల్లోకి రాసేది డంప్‌డేటా, తిరిగి ఎక్కించేది లోడ్‌డేటా. డంప్‌డేటా కమాండ్‌ని "కన్నా ఎక్కువ" గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే, విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 ఆ ఫైలుని యూటీఎఫ్-16లో రాస్తుంది. తిరిగి లోడ్‌డేటా చేయబోతే మొదటి బైటు దగ్గరే, 0ఎక్స్ఎఫ్ఎఫ్ అర్థం కాలేదని ఆగిపోతుంది. గుర్తు బదులు -ఓ ఆప్షన్‌తో ఫైలు పేరు ఇస్తే ఇంకో ఎర్రర్, "చార్‌మ్యాప్ కోడెక్" రాయలేకపోయిందని. మన దగ్గరి విండోస్‌లో ఫైళ్లకు మామూలు ఎన్‌కోడింగ్ సీపీ1252, అందులో తెలుగుకు చోటే లేదు. సరైన పద్ధతి:

పైథాన్ -ఎక్స్ యూటీఎఫ్8 మేనేజ్.పై డంప్‌డేటా -ఓ డేటా.జేసన్

ఇక్కడ ఎక్స్ పెద్ద అక్షరం. ప్రతిసారీ కొట్టడం విసుగైతే ఒకసారి:

సెట్‌ఎక్స్ పైథాన్‌యూటీఎఫ్8 1

ఇందులో పైథాన్‌యూటీఎఫ్8 మొత్తం పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. టెర్మినల్ మూసి కొత్తది తెరిచాకే అమల్లోకి వస్తుంది. పైథాన్ 3.15 నుంచి ఇదే మామూలు పద్ధతిగా ఉండాలని నిర్ణయమైంది, అందాకా పెట్టుకోవడం మంచిది. రిక్వైర్‌మెంట్స్ ఫైలుకీ ఇదే జాగ్రత్త. పిప్ ఫ్రీజ్‌ని పవర్‌షెల్ 5.1లో మళ్లిస్తే వచ్చే యూటీఎఫ్-16 ఫైలుని పిప్ చదువుకుంటుంది గానీ, గిట్ దాన్ని బైనరీ అనుకుని మార్పులు చూపించదు. కమాండ్ ప్రాంప్ట్‌లో మళ్లిస్తే ఆ గొడవ ఉండదు.

ఎక్సెల్ నుంచి ఊళ్ల జాబితా తెచ్చుకునేవాళ్లు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అనే రకంగానే సేవ్ చేయాలి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసిన క్షణమే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది, వెనక్కి తెచ్చే దారి లేదు. యూటీఎఫ్-8 రకంలో ఫైలు మొదట్లో కనపడని గుర్తొకటి చేరుతుంది. పైథాన్‌లో తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వకపోతే మొదటి కాలమ్ పేరు దొరకదని కీ ఎర్రర్ వస్తుంది.

డేటాబేస్ సంగతి క్లుప్తంగా: నేర్చుకునేటప్పుడు ఎస్‌క్యూలైట్ చాలు. సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ ఉంటుందని తెలిస్తే లోకల్లోనూ అదే పెట్టుకోండి, 5.2కి పోస్ట్‌గ్రెస్ 14 లేదా ఆపైది కావాలి. మైఎస్‌క్యూఎల్ అయితే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 ఉందో లేదో చూసుకోండి. పాత మూడు బైట్ల యూటీఎఫ్8లో తెలుగు హాయిగా ఇముడుతుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు. ఎవరో ఒకరు వ్యాఖ్య చివర ఎమోజీ పెట్టేదాకా.

చివరిగా అనువాదాలు. మేక్‌మెసేజెస్ కొట్టగానే విండోస్‌లో "ఎంఎస్‌జీయూనిక్" దొరకలేదంటుంది. అది పిప్‌తో వచ్చేది కాదు, విండోస్ కోసం కట్టిన గ్నూ గెట్‌టెక్స్ట్ విడిగా వేసి, దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో చేర్చాలి. మేక్‌మెసేజెస్‌కి ముందు లొకేల్ అనే ఫోల్డర్ మీరే తీయాలి, లొకేల్ పాత్స్ సెట్టింగ్‌లో దాని పేరు ఇవ్వాలి. పీవో ఫైల్లో తెలుగు రాశాక కంపైల్‌మెసేజెస్ కొట్టండి. అయినా ఒక్క మాట మాత్రం ఇంగ్లీషులోనే మిగిలిపోతే ఆ మాట పైన "ఫజ్జీ" అన్న గుర్తుందేమో చూడండి. గెట్‌టెక్స్ట్ పాత అనువాదాన్ని ఊహించి పెట్టినప్పుడు ఆ గుర్తు తగిలిస్తుంది, గుర్తున్న వాటిని కంపైల్ చేసేటప్పుడు వదిలేస్తుంది. అనువాదం సరిచూసి, గుర్తున్న లైన్ తీసేసి, మళ్లీ కంపైల్ చేయండి.